శాంతివాక్యము ఎవరితో పలుకవలెను?

శాంతి మంచిది, యుద్ధము చెడ్డది అను మాటను కాదనువారు లోకమున లేరు. కత్తి దూసినవాడును శాంతి కొరకే దూసితిననును. గెలిచినవాడును శాంతిని స్థాపించితినని శాసనము వేయించును. అందరును ఇంత సులభముగా అంగీకరించు మాట ఒకటి ఉన్నచో, దానిని మనము ఒకమారు తిరగవేసి చూడవలసి యుండును. శాంతిని కీర్తించు పాటలు మన భాషలో కొల్లలు. లోకమందలి భాషలన్నిటను కొల్లలు. అయినను యుద్ధములు ఆగలేదు. పాటకు బలము లేదందుమా? యుద్ధమునకు పురికొల్పు పాటకు బలమున్నదని మనమెరుగుదుము. పల్నాటి వీరుల కథ పాడుచుండగా విన్నవాని మేను గగుర్పొడుచుట మనకు అనుభవమే. ఒక పాటకు అంత బలముండి, మరియొక పాట మంగళహారతివలె విని మరచునదిగా మిగులుటకు కారణమేమి? ఈ ప్రశ్నను మన తిరువొత్తియూరున నిలిచి విచారింపదలచితిమి.

మన యూరు యుద్ధమునకు దూరపు టూరు కాదు. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక, మనకు దక్షిణముగా కొలది మైళ్ల దూరమున నున్న చెన్నపట్టణపు రేవు కడకు వచ్చి, బర్మా ఆయిల్ కంపెనీ వారి తైలపు తొట్లపై గుండ్లు కురిపించెను. తొట్లు మండినవి, కొందరు మరణించిరి, జనము భయపడి పట్టణము విడిచి పోయిరి. విచిత్రమేమనగా, ఆ యోడ పేరు అరవ వాడుకలో నిలిచిపోయి, గడుసువానిని, మొండి సాహసికుని ‘ఎమ్డన్’ అనుట అలవాటైనది. ఊరిని కాల్చిన యోడ మెచ్చుకోలు మాటగా మారినది! మరల 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను జపాను విమానములు బాంబులు వేసినపుడు, రేపు మన వంతు అని చెన్నపట్టణము సగము ఖాళీ అయినది. 1943 అక్టోబరులో ఒక జపాను విమానము ఈ పట్టణము మీదను బాంబులు విడిచినది.

ఇది యుద్ధము మనకు చేసిన కీడు. యుద్ధముతో మనకు మరియొక సంబంధము గూడ కలదు. దానిని దాచిపెట్టి శాంతిని గూర్చి మాటలాడుట న్యాయము కాదు. 1955లో మన యూర ఎన్‌ఫీల్డు మోటారు సైకిళ్ల కర్మాగారము వెలయుటకు, సరిహద్దుల కాపలాకై భారత సైన్యము కోరిన బండ్లు ముఖ్య కారణములైనవి. పొరుగున ఎన్నూరులో అశోక్ లేలాండు వారు సైన్యమునకు లారీలు చేసి యిచ్చిరి. ఈ కర్మాగారములలో పనిచేసినవారిలో మన తెలుగువారును కలరు. ఆ జీతములతో పొయ్యి వెలిగిన యిండ్లు మన వీధులలో నున్నవి. అందు సిగ్గుపడవలసిన దేమియు లేదు. సరిహద్దు కాచుట దోషము కాదు, బండి చేయుట దోషము కాదు. అయినను యుద్ధము ఎవరో దూరపు దుర్మార్గుల పని యనియు, శాంతి మాత్రము మన సొత్తనియు చెప్పుకొనుటకు ఇక మనకు వీలు లేదు. శాంతిగీతము పాడు గొంతు ఎక్కడనో లోకమునకు వెలుపల నుండి రాదు. యుద్ధముతో ఏదో ఒక పొత్తు కలిగిన యింటి నుండియే రావలసియున్నది.

తిరువొత్తియూరు ఆదిపురీశ్వరుని ఆలయమున ఒక శిలాశాసనము కలదు. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుని పాలనాకాలమున వేయబడినది. అందలి కథ ఇది. క్రీ.శ. 949లో అరక్కోణమునకు చేరువ నున్న తక్కోలము కడ చోళులకును రాష్ట్రకూటులకును ఘోరయుద్ధము జరిగినది. చోళ యువరాజు రాజాదిత్యుడు ఏనుగుపై నుండియే మరణించెను. ఆయనకు మిత్రుడును సేనానియు నగు ఒక కేరళీయుడు ఆ సమయమున రణరంగమున లేకపోయెను. ప్రభువుతో కూడ మరణింపలేకపోతినను దుఃఖముతో, సిగ్గుతో ఆతడు లోకమును విడిచి, గంగలో మునిగి, తుదకు మన తిరువొత్తియూరు చేరి, ఇచట గురువు కడ వ్రతము గైకొని, చతురానన పండితుడను పేర మఠాధిపతియయ్యెను. చరిత్రకారులు ఆతనిని చోళ సేనాని వెళ్లన్ కుమరన్‌గా గుర్తించిరి. తన ప్రభువును చంపిన రాజు ఏలుబడిలోనే ఆతడు సన్న్యాసియై దేవుని కొలిచి, దానము లిచ్చి, శేషజీవితము గడపెను.

ఈ శాసనమును చూపి, మన యూర ఇదిగో వేయేండ్లనాటి యుద్ధవ్యతిరేక రచన యని మనము సంబరపడరాదు. యుద్ధము పాపమని అందెక్కడను లేదు. మిత్రునితో కూడ చావలేదను పరితాపమే యున్నది. ఆ కాలమున సేనాని మనస్సున నాటుకొని యున్న ధర్మమదియే. అయినను ఆ మనుష్యుడు చేసిన పని మనలను ఆలోచింపజేయుచున్నది. బ్రతికి యుండుట సిగ్గని లోకము చెప్పినపుడు ఆ సిగ్గును చల్లార్చుకొనుటకు రెండు దారులున్నవి. మరల పోయి చంపుట, చచ్చుట ఒకటి. ఆ సిగ్గును తలపై మోసికొని, ఎవరిని చంపక, మరియొక జీవితమును కట్టుకొనుట రెండవది. చతురాననుడు రెండవ దారిని పట్టెను.

మొదటి దారిని పట్టినవాడు మన తెలుగునాట ఒకడు కలడు. అతడు ఖడ్గతిక్కన. నెల్లూరి మనుమసిద్ధికిని, ఆలమందలను తోలుకొని వచ్చిన కాటమరాజునకును పుల్లరి విషయమున తగవు పుట్టినది. పుల్లరి యనగా పశువులు మేసిన పచ్చికకు చెల్లింపవలసిన పన్ను. గడ్డి కొరకు పుట్టిన తగవు గడ్డితో పోలేదు. మనుమసిద్ధి పక్షమున పోరిన ఖడ్గతిక్కన, తన సేన నశింపగా, ఒంటరిగా ఇల్లు చేరెనట. ఇల్లాలు స్నానమునకు మంచము చాటు పెట్టి, పసుపుముద్ద నుంచినదట. ఆడుదానికి చేయు సన్నాహము మగనికి చేసినది. తల్లి అన్నములో విరిగిన పాలు పోసి, నీవు విరిగి వచ్చితివి గనుక పాలును విరిగినవన్నదట. ఆతడు మారుమాటాడక తిరిగిపోయి యుద్ధమున మరణించెను. ఈ కథ చాటుపద్యములుగా మన యిండ్లలో తరతరములుగా చెప్పుకొనబడుచున్నది. చెప్పునపుడు మన గొంతు గర్వముతో పొంగును. ఆ పళ్లెము ముందు కూర్చున్నవాని గొంతులో ముద్ద దిగినదో లేదో మనమెన్నడును అడుగలేదు.

ఇప్పుడు మన ప్రశ్నకు సమాధానము కొంత దొరకినది. యుద్ధపు పాటకు బలము వీరమువలన మాత్రమే రాదు. అది సిగ్గును ఆయుధముగా వాడుకొనును. అది మనవారి నోట, మన యింటిలో, మన పళ్లెము కడ పలుకబడును. శత్రువు వేయి తిట్లు తిట్టినను కదలని మగవాడు, తల్లి ఒక్కమాట అన్నచో కదలును. శాంతిగీతము సాధారణముగా ఎవరికి చెప్పబడుచున్నది? లోకమునకు, మానవజాతికి, లేదా ఎదుటి పక్షమునకు. తన యింటివారికి చెప్పబడుట బహు అరుదు. దాని బలహీనత అచటనే యున్నదని మాకు తోచుచున్నది.

ఆ ఖడ్గతిక్కన దాయాది సోదరుడే కవిబ్రహ్మ తిక్కన సోమయాజి. ఆయన కవి మాత్రమే కాడు, మనుమసిద్ధికి మంత్రి. ప్రభువు రాజ్యము కోల్పోయినపుడు ఓరుగల్లు పోయి గణపతిదేవుని సాయము అర్థించి తెచ్చెనని చెప్పుదురు. అనగా ఆయనకు రాయబారము పుస్తకములలో చదివిన విషయము కాదు. తానే చేసిన పని. ఆ రాయబారము తెచ్చినది సైన్యమును. ఇట్టి చేతి నుండి వెలువడిన ఉద్యోగపర్వమును మనము శాంతి శాస్త్రముగా చదువవలెను. యుద్ధమును ఎరుగని అమాయకుడు వ్రాసినది కాదది.

ఉద్యోగపర్వమున రాయబారములు ఒకటి కాదు. ముందు వచ్చినవాడు సంజయుడు. ధృతరాష్ట్రుడు పంపగా పాండవుల కడకు వచ్చి ఆతడు చెప్పిన మాటలన్నియు శాంతి మాటలే. యుద్ధము కులనాశనము, రక్తపు కూడు కన్న భిక్షాన్నము మేలు, ధర్మరాజువంటి ధర్మజ్ఞుడు ఇట్టి పనికి పూనుకొనరాదు. ఇందు ఏ మాట అబద్ధము? ఒక్కటియు లేదు. కాని రాజ్యభాగము మాట యెత్తినచో ధృతరాష్ట్రుడు ఇచ్చెదనన్న దేమియు లేదు. తన కుమారునికి చెప్పవలసిన నీతిని తమ్ముని కుమారులకు చెప్పి పంపెను. తాను ఏమియు వదలుకొనక ఎదుటివానిని అన్నియు వదలుకొమ్మనుట శాంతివచనమా? అది మెత్తని వస్త్రమున చుట్టిన కత్తి. లోకచరిత్రలో బలవంతుడు బలహీనునకు చేసిన శాంతి ఉపదేశములు పెక్కు ఈ సంజయ రాయబారము వంటివే. ధర్మరాజు దానికి ఇచ్చిన బదులు గమనింపదగినది. ఆయన శాంతిని కాదనలేదు. అడుగుటను తగ్గించుకొని అయిదూళ్లు చాలుననెను. ఉన్న హక్కును సున్న చేసికొనలేదు, మొత్తమును పట్టుకొని కూర్చుండనులేదు. సంధి యను మాటకు అర్థము అది.

తరువాత వాసుదేవుడే బయలుదేరెను. అపుడు జరిగిన ఒక చిన్న సంగతిని మనవారు అంతగా తలచుకొనరు. అందరికంటె ఉగ్రుడైన భీముడు కృష్ణునితో, దుర్యోధనునితో మెత్తగా మాటలాడుమనియు, కులము నిలుచు మార్గము చూడుమనియు వేడుకొనెను. దానికి కృష్ణుడేమనెను? నీవేనా ఈ మాటలాడునది, నీ ప్రతిజ్ఞలేమైనవి, భయపడితివా యని ఎత్తిపొడిచెను. భీముడు మండిపడి మరల తన బాహుబలమును చాటుకొనెను. శాంతికై పోవుచున్న దేవుడు గూడ ఆ క్షణమున ఖడ్గతిక్కన తల్లి మాటనే పలికెను! తిక్కన ఈ సన్నివేశమును విడిచిపెట్టలేదు. తనవారిలో ఒకడు నోరు విప్పి శాంతి యన్నచో, మంచివారు గూడ ముందు ఆతని మగతనమును శంకింతురని మహాభారతమే చూపినది. ద్రౌపది ముందుకు వచ్చి తన జుట్టు చూపిన ఘట్టము మనకు కంఠస్థము. ఆమె దుఃఖము న్యాయమైనది. దానిని తేలికపరచు శాంతి శాంతియే కాదు. అయినను భీముని ఆ నాలుగు మాటలు గూడ మనకు జ్ఞాపకముండవలసినవి.

మనకు జ్ఞాపకమున్న దేమి? తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములను ఆడని తెలుగు ఊరు లేదు. తెలుగువారు ఎచటకు పోయినను హార్మోనియము పెట్టెతోపాటు ఆ పద్యములను గూడ తీసికొని పోయిరి. నూరేండ్లకు పైగా మన జాతి నోట ఆడుచున్న శాంతినాటకము అది. అందు రాయబార ఘట్టమున ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసి మరల మరల పాడించుకొను పద్యము ఏది? సంధి ప్రస్తావన చేయు పద్యము కాదు. అర్జునుని రథధ్వజమును వర్ణించి, యుద్ధమున కౌరవుల కేమి గతి పట్టునో చెప్పి బెదరించు పద్యము. రాయబారము విఫలమగుటకే మనము రాత్రి తెల్లవార్లు వేచియుందుము. పల్నాటి కథయు అంతే. సంధికై పోయి విషప్రయోగమున మరణించిన అలరాజు కంటె, యుద్ధమునకు ఉరికిన బాలచంద్రుడు మనకు ప్రియుడు. ఇది కవుల దోషము కాదు. వారు రెండు గొంతులను మనకిచ్చిరి. మనము ఒకదానినే ఎంచుకొంటిమి.

ఇక, తనవారితో శాంతి పలికిన గొంతులు ఎట్టివి? మహాభారతమున గాంధారిది మొదటిది. నిండుసభకు పిలువబడి వచ్చి ఆమె హితము చెప్పినది పాండవులకు కాదు, కన్నకొడుకునకు. ధృతరాష్ట్రునిది గూడ దోషమేయని మొగమున నన్నది. దుర్యోధనుడు వినలేదు, సభ విడిచి పోయెను. అయినను ఆ మాట మాటయే. స్త్రీపర్వమున ఆమె రణభూమిలో తిరుగుచు ఏడ్చినపుడు ఆ యేడ్పునకు అంత బరువు ఉండుటకు కారణము, ముందే తన బిడ్డను వారించి యుండుటయే. ముందు ఊరకుండి తరువాత ఏడ్చువారి యేడ్పునకు అంత హక్కు లేదు.

మన కాలమునకు దగ్గరగా, 1904లో జపాను రష్యాల యుద్ధము జరుగుచుండగా, యొసానో అకికో యను జపాను కవయిత్రి సేనలో నున్న తన తమ్మునికి ఒక కవిత వ్రాసెను. నీవు చావవద్దు అనుట దాని సారము. ఖడ్గతిక్కన తల్లి మాటకు సరిగా ఎదురుమాట. దేశద్రోహియని ఆమెను నిందించినవారు శత్రువులు కారు, సాటి జపానువారు. ఆమెయే తరువాతి కాలమున యుద్ధమును సమర్థించు కవితలు వ్రాసినదనుట గూడ నిజము. ఆ మొదటి మాటపై జీవితాంతము నిలుచుట ఎంత కష్టమో దానినిబట్టి తెలియును. జర్మనీలో ఎరిక్ మరియా రెమార్క్ మొదటి ప్రపంచయుద్ధమున సైనికుడుగా తాను చూచినదానిని ఆధారము చేసికొని 1929లో నవల ప్రకటించెను. ఆతడు వ్రాసినది జర్మను భాషలో, జర్మను తల్లిదండ్రులు చదువుటకు. 1933లో ఆ పుస్తకమును తగులబెట్టినవారును జర్మనులే. శాంతిరచన నిజమైనదా కాదా యనుటకు ఇది మంచి గుర్తు. దానిని ముందుగా తగులబెట్టునది ఎదుటి పక్షమైనచో అది ఎదుటివారిపై వ్రాసినది కావచ్చును. తనవారే కోపించినచో అది తగులవలసిన చోట తగిలినదన్నమాట.

మన భాషలో దేవరకొండ బాలగంగాధర తిలక్ ‘అమృతం కురిసిన రాత్రి’లో సైనికుని ఉత్తరముగా ఒక కవితను నడపెను. 1966లో కవి గతింపగా, ఆ సంపుటి 1968లో వెలువడినది. ఉత్తరము యింటికి వ్రాయబడునది. సైనికుని విగ్రహముగా నిలువబెట్టి పూలదండ వేయుటకు అలవాటుపడిన మనకు, అతడు మనుష్యుడుగా ఇంటివారితో మాటలాడుట కొత్త. గురజాడ 1910లోనే దేశమును నేలగా గాక నేలమీది జనముగా చూడుమని మనకు నేర్పెను. నేల కొరకు మనుష్యులను బలియిచ్చు నీతికి అంతకంటె సూటియైన సమాధానము వేరొకటి లేదు. దానిని ఊరేగింపు పాటగా పాడుకొని, అర్థమును ఊరేగింపు చివర వదలివేయుచున్నాము.

ఇచట ఒక ఆక్షేపణ రాగలదు. తనవారికి మాత్రమే శాంతి చెప్పుచు కూర్చున్నచో, ఎదుటివాడు మీద పడినపుడు గతి యేమి? ఈ ఆక్షేపణ తేలికైనది కాదు. సరిహద్దున నిలిచిన సైనికుని అవమానించు శాంతి మాకును సమ్మతము కాదు. కాని గాంధారి గాని విదురుడు గాని ఆయుధము పారవేసి తల వంచుమని చెప్పలేదు. అధర్మముగా పట్టుకొన్నదానిని విడువుమని చెప్పిరి. తనవారితో పలుకు శాంతివాక్యము ఓటమిని కోరదు. కోపము వచ్చినపుడు న్యాయము ఎచట ముగియునో, పగ ఎచట మొదలగునో ఆ గీతను చూపును. ఆ గీత శత్రువునకు కనబడదు. మనవాడే చూపవలెను.

ఇట్టి గీతను మన కనులయెదుట గీచిన సందర్భమొకటి కలదు. మన సమాజమునకు అది స్వంత విషయము. చెన్నపట్టణము ఎవరిదను తగవు మన పెద్దలు ఎరిగినదే. 1952 అక్టోబరు 19న ఈ నగరముననే ఉపవాసమునకు పూనుకొన్న పొట్టి శ్రీరాములు, ఈ నగరముననే పుట్టినవాడు, డిసెంబరు 15వ తేదీ రాత్రి ప్రాణము విడిచెను. ఆయన ఎవరిమీదను చేయి యెత్తలేదు. ఆ వెనుక ఆంధ్రప్రాంతమున చెలరేగిన అలజడులలో కాల్పులు జరిగి మరికొందరు మరణించిరి. అహింసాదీక్ష వెనువెంటనే మన కోపము హింసకు దిగినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము వచ్చినది, చెన్నపట్టణము రాలేదు. ఇచట తరతరములుగా నున్న మనవారు ఇచటనే నిలిచిరి. అపుడు పొరుగు తమిళుడు మనలను, మనము పొరుగు తమిళుని ఏ కన్నుతో చూచుకొనవలెనను ప్రశ్న పుస్తకములలోనిది కాదు, కుళాయి కడది, బడి వాకిటిది.

ఆ తరువాత ఎల్లల తగవు మిగిలినది. తిరుత్తణి మాకు, ఈ ఊళ్లు మీకు అని ఇరుపక్షముల పాటలు పుట్టుటకు కావలసిన సరుకంతయు నుండెను. కాని ఇరు ప్రభుత్వములు పటాస్కరు గారి మధ్యవర్తిత్వమున కొడబడినవి. ఆ పరిష్కారము ననుసరించి 1959లో పార్లమెంటు చట్టము చేసినది. 1960 ఏప్రిల్ 1 నుండి కొన్ని గ్రామములు ఇటు, కొన్ని గ్రామములు అటు పోయినవి. తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరినది. ఇరుపక్షములవారును కొంత నొచ్చుకొనిరి. ఆ పత్రమున అలంకారములు లేవు; గ్రామముల పేర్ల జాబితాలున్నవి. అయినను ధర్మరాజు అడిగిన అయిదూళ్లు దుర్యోధనుడు ఇచ్చియున్నచో భారతము ఎట్లు ముగిసియుండెడిదో ఆ పత్రము కొంతవరకు చూపినది. శాంతిరచన యనగా పాట మాత్రమే కాదు. ఇరువురును కొంత నష్టపోవుటకు అంగీకరించి చేవ్రాలు చేసిన కాగితము గూడ శాంతిరచనయే. దానిని పాడుకొనువారు లేరు. దాని నీడలో కాపురము చేయువారు వేలకొలది.

అయితే తనవారి యెదుట నిలిచి శాంతి పలుకుటకు ఒక బలము కావలెను. ఆ బలము పేరు మన వాగ్గేయకారుడు చెప్పియే యున్నాడు. త్యాగయ్యగారు తన శిష్యుడు వీణ కుప్పయ్యరుగారి కొరకు మన తిరువొత్తియూరు వచ్చి, త్రిపురసుందరిపై తెలుగున ఐదు కృతులు రచించెను. ఈ ఊరిలో తెలుగు ఎప్పటిదని ఎవరైన అడిగినచో మనము చూపు మొదటి ఋజువు ఆ ఐదు కృతులే. అదే త్యాగయ్యగారు సామరాగమున ‘శాంతము లేక’ అను కీర్తన చేసిరి. ఇల్లాలు, బిడ్డలు, సంపద, శాస్త్రజ్ఞానము, తపస్సు ఎన్ని యున్నను శాంతము లేనివానికి సుఖము లేదనుట దాని తాత్పర్యము. అందు యుద్ధము మాట లేదు. కాని అది యుద్ధము నెరుగని సీమలో పుట్టిన కీర్తన కాదు. 1767లో పుట్టిన త్యాగయ్యకు పదునాలుగేండ్ల వయసున, 1781లో, హైదరాలీ సైన్యములు తంజావూరు సీమను పాడుచేసినవి. 1799లో ఆ రాజ్యము కంపెనీ చేతికి పోయినది.

మనస్సు లోపలి శాంతము యుద్ధము నాపునా యని కొందరు నవ్వవచ్చును. పూజగదిలో శాంతము, వీధిలో పగ గల వారిని మనము చూచుచునే యున్నాము. లోపలి శాంతము తనంత తాను ఏ యుద్ధమును ఆపదు. కాని తనవారు పిరికివాడవని, ద్రోహివని, ఆడంగివని వెక్కిరించినపుడు కత్తికి చేయి చాపకుండ, ఇల్లు విడిచి పారిపోకుండ, తిరిగి తిట్టకుండ, చెప్పవలసిన మాటను చెప్పి నిలుచుటకు కావలసినది ఆ శాంతమే. భీమునకు ఆ క్షణమున అది లేకపోయెను. ఒక్క యెత్తిపొడుపునకు ఆతని శాంతివచనము ఎగిరిపోయినది. చతురాననునకు అది గంగలోను, మన యూరి గుడి నీడలోను దొరకినది. శాంతి వీధిలోనిది, శాంతము మనస్సులోనిది. శాంతము లేనివాని శాంతిగీతము మొదటి యెత్తిపొడుపున యుద్ధగీతముగా మారును.

నేడు యుద్ధము మన పిల్లలకు పాటగా కంటె బొమ్మగా ముందు చేరుచున్నది. చేతిలోని పరికరమున పేలుళ్లను ఆటలవలె చూచి చప్పట్లు కొట్టుటకు అలవాటుపడుచున్నారు. 2022లో ఉక్రెయినున యుద్ధము మొదలైనపుడు, అచట వైద్యవిద్య చదువుచున్న మన తెలుగు బిడ్డలు నేలమాళిగలలో తలదాచుకొని, సరిహద్దులు దాటి ఇల్లు చేరిరి. వారి తల్లులెవరును విరిగిన పాలు పోయలేదు. బ్రతికి వచ్చిన బిడ్డను ఎట్లు కన్నులకద్దుకొనవలెనో తల్లులకు ఎవరును నేర్పనక్కరలేదు. ఆ స్వభావమును విడిచి సిగ్గును నేర్పునది మన పాటలే. కనుక మార్పు కూడ పాటలలోనే మొదలుకావలెను.

పెద్ద లోకమును తీర్చు శక్తి మన చిన్న సమాజమునకు లేదు. మన వార్షికోత్సవ వేదిక మాత్రము మన చేతిలోనిదే. రాయబార పద్యములు పాడించునపుడు రథధ్వజపు పద్యముతో కూడ అయిదూళ్లు అడిగిన పద్యమును గూడ పిల్లలకు నేర్పుదము. దానికిని ఒకమారు వన్స్‌మోర్ అందము. ఖడ్గతిక్కన కథ చెప్పునపుడు ఆతని కత్తిని గూర్చి చెప్పి, పుల్లరి గడ్డిని గూర్చి గూడ చెప్పుదము. నీటి కొరకో, భాష కొరకో, గుడి ఊరేగింపు కొరకో వీధిలో తగవు వచ్చి మనవారందరు ఒక గదిలో చేరి గొంతులు పెంచినపుడు, మూల కూర్చున్న ఒకడు మెల్లగా, ‘ఇందు మన తప్పెంత?’ అని అడుగును. ఆ ప్రశ్న అడుగుటకు ఆతనికి ఎంత ధైర్యము కావలసివచ్చినదో తలచి, ఆతని పళ్లెములో మంచి పాలు పోయుదము.